ఉరికే పిల్ల ఆగిపోతే?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది పరకాల దగ్గర ఊరు, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాం. స్కూల్ రోజుల నుంచీ నాకు పరుగే లోకం. 5,000, 10,000 మీటర్లలో నేషనల్స్‌లో పతకాలు వచ్చాయి. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. మూడేళ్లుగా ఎడమ మడమ వెనక నొప్పి. రెస్ట్ తీసుకుంటే తగ్గుతుంది, స్పీడ్ పెంచగానే మళ్లీ మొదలు. ఒకసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే నెలన్నర బాగుంది, ఆ తర్వాత ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు రోజూ గోలీ వేసుకుని ప్రాక్టీస్‌కి వెళ్తున్నా. ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దున లేవగానే ఉత్త కాళ్లు నేల మీద మోపలేను. మా పాపకి ఎనిమిదేళ్లు. నేను లేవకముందే మెత్త చెప్పులు తెచ్చి మంచం పక్కన పెడుతుంది. కోచ్ సార్ ‘ఇంకో సీజన్ చూద్దాం’ అంటున్నారు. పాపకి ఏడాది నిండగానే నేను క్యాంపులకు పోతే అత్తమ్మే పెంచింది. మా ఆయన నా ప్రాక్టీస్ కోసం ప్రమోషన్ మీద వచ్చిన ట్రాన్స్‌ఫర్ వద్దనుకున్నారు. ఇంతమంది ఇంత చేశాక, ఆపేస్తానని ఏ మొఖం పెట్టుకుని చెప్పాలి? ఊర్లో నన్ను ‘ఉరికే పిల్ల’ అంటారు. ఉరికే పిల్ల ఊరికే కూసుంటే ఇంకేం మిగులుతుందని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పతకాల గురించి ఒక్క వాక్యం రాశారు, చెప్పుల గురించి కూడా ఒక్కటే రాశారు. నేను చెప్పుల దగ్గరే మొదలుపెడతాను.

ఇంట్లో ఎవరికీ తెలియదన్నారు. పాపకి తెలుసు. ఎనిమిదేళ్ల పిల్ల అమ్మకంటే ముందు లేచి, చెప్పులు వెతికి తెచ్చి మంచం పక్కన పెడుతోందంటే, గోడ పట్టుకుని మీరు నడిచే ఆ మొదటి పది అడుగులు రోజూ చూస్తోందన్నమాట. మీరు చెప్పలేదు కాబట్టి తనూ అడగడం లేదు. మీ అత్తమ్మకీ తెలిసే ఉంటుంది. మెట్లు పక్కకి తిరిగి దిగే కోడల్ని చూసి ఏమీ అర్థం కాని అత్తను నేనింతవరకు చూడలేదు. అందరికీ తెలిసిన సంగతిని అందరూ దాస్తున్న ఇల్లు మీది. మీ నిద్ర సగం అక్కడే పోతోందని నాకనిపిస్తోంది.

ముందు కాలి సంగతి. నేను డాక్టర్ని కాను, పరీక్ష చేయకుండా ఎవరూ ఏమీ చెప్పకూడదు కూడా. కానీ ఆటగాళ్లతో ఇన్నేళ్లు కూర్చున్నాక తెలిసింది కొంత చెబుతాను. పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి దాన్ని మనం వాడుకలో నరం అంటాం, డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. మీరు రాసింది చూస్తే అనుమానం దాని మీదికే పోతోంది. పొద్దున బిగుసుకుపోవడం, నడవగా నడవగా సడలడం, రెస్ట్‌తో తగ్గి స్పీడ్‌తో తిరగబెట్టడం దాని లక్షణాలే. ఒట్టి రెస్ట్‌తో అది బాగవదు. రెస్ట్‌లో నొప్పి తగ్గుతుంది గాని నరానికి బలం రాదు. అందుకే మీరు ట్రాక్ ఎక్కిన ప్రతిసారీ కథ మొదటికొస్తోంది.

స్వీడన్‌లో అల్ఫ్రెడ్సన్ అనే ఎముకల డాక్టరు బృందం 1998లో ఇలాంటి నొప్పి ఉన్న 15 మంది రన్నర్లకు ఒక వ్యాయామం చేయించింది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా కిందికి దించాలి. మోకాలు చాపి 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి మరో మూడుసార్లు. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. లెక్కేస్తే రోజుకు 180. ఆ పదిహేను మందీ తిరిగి పరుగెత్తగలిగారు, వాళ్ల సగటు వయసు 44. ఇది చదివి రేపే మెట్టెక్కకండి. వాళ్లు సరదాగా పరుగెత్తేవాళ్లు, మీలాగా వారానికి వంద కిలోమీటర్లు కొట్టేవాళ్లు కారు. పైగా నొప్పి నరం మధ్యలో ఉంటే ఒక పద్ధతి, సరిగ్గా ఎముకకు అతుక్కునే చోట ఉంటే ఇంకో పద్ధతి. రెండో రకంలో మడమను మెట్టు కిందికి మరీ దించితే నొప్పి పెరుగుతుంది. మీకు నొప్పి ఏ చోట ఉందో ఇంతవరకు ఎవరైనా వేలు పెట్టి చూశారా? ఆటగాళ్లను చూసే ఫిజియో దగ్గరికి వెళ్లి మొదట అదే అడగండి.

ఇంజెక్షన్ గురించి గట్టిగానే చెబుతాను. ఆ నరం దగ్గర స్టెరాయిడ్ వేస్తే నొప్పి చప్పబడుతుంది, నరం మాత్రం బలహీనపడి తెగిపోయే ప్రమాదం ఉంది. నొప్పి తెలియకుండా స్పీడ్ వర్కౌట్ చేయడం మరీ ప్రమాదం. ఇంకోసారి వద్దు. రోజూ గోలీ కూడా అంతే. మన వరంగల్ ఎండలో చెమట కారి, ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషి రోజూ నొప్పి గోలీ వేసుకుంటే కడుపుతో పాటు కిడ్నీల మీద కూడా భారం పడుతుంది. ఎన్ని నెలలుగా ఏ గోలీ వేసుకుంటున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. జ్వరానికో యూరిన్ ఇన్ఫెక్షన్‌కో వెళ్లినా మడమ సంగతి చెప్పండి, ఎందుకంటే సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ ఈ నరాలను దెబ్బతీస్తాయి. నెలసరి సరిగ్గా వస్తోందో లేదో మీరు రాయలేదు. తప్పుతుంటే అదీ చెప్పాలి. తినేది పరుగుకు చాలకపోతే ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముకలు పలచబడతాయి. మన అమ్మాయిలు కోచ్‌కి చెప్పలేక దాచేసే సంగతి ఇది.

ఇక ఆపాలా వద్దా. ఈ వారం ఆ నిర్ణయం తీసుకోకండి, కాలు నొప్పిగా ఉన్న రోజు అసలే తీసుకోకండి. ఇథియోపియా రన్నర్ హైలే గెబ్రెసెలాసీ 2010లో న్యూయార్క్ మారథాన్ మధ్యలో మోకాలి నొప్పితో ఆగిపోయి, ఆ రోజే రిటైర్ అవుతున్నానని ప్రకటించాడు. కొద్ది రోజులకే మాట వెనక్కి తీసుకున్నాడు. చివరికి ఆపింది 2015లో. అంతటి మనిషికే నొప్పి రోజున తీసుకున్న నిర్ణయం నిలవలేదు. అతని దేశంవాడే కెనెనిసా బెకెలె గాయాలతో ఏళ్లు పోగొట్టుకుని కూడా 2024లో, 41 ఏళ్ల వయసులో, లండన్ మారథాన్‌లో రెండో స్థానంలో వచ్చాడు. మీ కోచ్ సార్ ఇలాంటి పేర్లు చెబుతూనే ఉంటారు. కానీ తిరిగి వచ్చినవాళ్ల కథలే మన దాకా వస్తాయి. రాలేనివాళ్ల గురించి ఎవరూ రాయరు. అందుకని బెకెలెను చూసి కొనసాగవద్దు, హైలేను చూసి ఆపవద్దు.

మీకు నేను అడిగేది 12 వారాలు. గోలీ లేకుండా, రేసు లేకుండా, ఫిజియో చెప్పిన వ్యాయామంతో. ఈ సీజన్ పోతే పోనివ్వండి. మొదలుపెట్టే రోజే ఫిజియోతో కూర్చుని, ఏది జరిగితే కొనసాగుతారో, ఏది జరగకపోతే ఆపుతారో కాగితం మీద రాయండి. ఎడమ కాలి మీద ఒంటికాలితో మడమ ఎన్నిసార్లు లేపగలగాలి, ఎంత దూరం పరుగెత్తాక మరుసటి పొద్దున నొప్పి పెరగకుండా ఉండాలి, ఇలాంటివి. వ్యాయామంలో కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, తెల్లారి నేల మీద కాలు పెట్టినప్పుడు ఎలా ఉందన్నదే కొలత. ఆ కాగితం మీ ఆయనకూ కోచ్ సార్‌కూ చూపించండి. అప్పుడు ‘ఇంకో సీజన్’ అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ కాగితమే జవాబు చెబుతుంది.

అత్తమ్మ, మీ ఆయన చేసిన దాన్ని మీరు అప్పులా మోస్తున్నారు. ఉత్తరమంతా ఆ బరువే కనిపిస్తోంది. ఒక్కసారి ఆలోచించండి. మీరు క్యాంపులో ఉన్నప్పుడు పాపకి గోరుముద్దలు తినిపించిన ఆ రోజులను మీ అత్తమ్మ పోయిన రోజులనుకుంటుందా? మనవరాలితో గడిపిన రోజులవి. ఆమె చేతికి వచ్చేసినవి, మీ పతకంతో తీర్చాల్సినవి కావు. మీ ఆయన ట్రాన్స్‌ఫర్ సంగతి వేరు. అందులో ఆయనకు నిజంగానే నష్టం ఉండొచ్చు, మనసులో ఏ మూలనో బాధా ఉండొచ్చు. అది మీరు ఊహించుకోవడం కంటే ఆయన నోట వినడం మంచిది. “మూడేళ్ల సంది కాలు నొస్తుంది. గోలీలు వేసుకుని ఉరుకుతున్న. మీకు చెప్పాలంటే భయమైంది” అనండి చాలు. ఆపుతున్నానని గానీ ఆపనని గానీ ఆ రోజు అనొద్దు. ఆయన మొదట కోప్పడతారేమో, దాచినందుకు. ఆ కోపం పోయేదాకా పక్కనే కూర్చోండి.

ఊరి మాట కూడా రాశారు. 2021 సెప్టెంబరులో మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం‌లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీ జరిగింది కదా. అక్కడే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో జాతీయ రికార్డు కొట్టింది. 2002 నుంచి ఉన్న సునీతా రాణి రికార్డు ఆ రోజు పోయింది. కానీ ఆ వార్త రాసిన ప్రతివాళ్లూ సునీతా రాణి పేరు కూడా రాశారు. మిమ్మల్ని ఉరికే పిల్ల అన్న ఊరు ఇప్పటికీ అదే అంటుంది, యాభై ఏళ్లొచ్చినా అంటుంది. పల్లెల్లో ఒకసారి పడ్డ పేరు అంత తొందరగా పోదు.

అయినా ఆపితే బాధ ఉంటుంది, ఉండదని నేననను. మనిషి పోతే మనం పెద్దకర్మ దాకా ఇంట్లో కూర్చుంటాం, ఏడాది దాకా మాసికాలు పెడతాం, చుట్టాలొచ్చి పలకరిస్తారు. ఇరవై ఏళ్లు చేసిన ఆట పోతే పలకరించేవాళ్లు ఉండరు. మర్నాడు నుంచే “కోచ్ అయిపో” అంటారు. ఆ మాట మంచిదే. మన వరంగల్ నాగపురి రమేశ్ గారు శిక్షణ ఇచ్చి ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు, ఆయన గుర్తించిన కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పాటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది. 35 దాటినవాళ్లకు ఐదేళ్ల వయసు విభాగాలతో మాస్టర్స్ పోటీలున్నాయి. కానీ ఇవేవీ మొదటి ఆరు నెలల్లో పట్టుకోకండి. గోలీ వేసుకుని నొప్పి దాచినట్టే, ఇంకో పనితో ఈ బాధను దాచినట్టవుతుంది. కొన్నాళ్లు ఏడుపొస్తే ఏడవండి. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే పిల్లలు పరుగెడుతుంటే చూడలేకపోతే అటు వెళ్లకండి. ఎప్పుడో ఒక రోజు వెళ్లాలనిపిస్తుంది, ఆ రోజు వెళ్లండి. ఆఫీసులో పూర్తి డ్యూటీకి మారితే పని ఎలా ఉంటుందో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. తెలియని భయం కంటే తెలిసిన ఇబ్బంది తక్కువ.

రాత్రిళ్లు నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటినా, బతుకు మీదే విసుగు పుట్టినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌ని కలవండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ అది, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

రేపు పొద్దున పాప చెప్పులు తెచ్చి పెట్టినప్పుడు నిద్రపోతున్నట్టు ఉండకండి. దగ్గరికి తీసుకుని, “అమ్మకి కాలు నొస్తుంది బిడ్డా, డాక్టర్ దగ్గరికి పోతున్న” అని చెప్పండి. తను మిమ్మల్ని ఏదో ఒకటి అడుగుతుంది. ఏం అడిగిందో, మీరేం చెప్పారో నాకు రాయండి.