తాతగారి తుపాకి పాతదైతే లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: మాది నల్లమల అంచున ఉన్న పల్లె. పంట కాపలాకు ఇచ్చిన లైసెన్సు మీద మా తాతగారి దగ్గర జోడు గొట్టాల తుపాకి ఉండేది. మూతి నుంచి మందు కూరి కాల్చే రకం. ఆయన 2014లో పోయారు, తుపాకి అటక మీదే ఉండిపోయింది. 2024 సంక్రాంతికి సరదాగా దించి నాలుగు కౌజుపిట్టలు కొట్టాం. స్నేహితుడు వీడియో తీశాడు. ఇప్పుడు గట్టు తగాదాలో అది మా పెదనాన్న కొడుకు చేతికి చిక్కింది, ఫారెస్టు వాళ్లకు ఇస్తానంటున్నాడు. వందేళ్ల తుపాకికి లైసెన్సు అక్కర్లేదని టెక్సాస్‌లో ఉన్న మా బావ చెబుతున్నాడు. వెల్డింగు షాపులో గొట్టాలు మూయించేస్తే సరిపోతుందా? తాతగారి జ్ఞాపకం, వదులుకోలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ తగాదా, తాతగారి జ్ఞాపకం పక్కన పెడదాం. కేసును తేల్చేది ఒక్కటే: ఆ తుపాకి పేలుతుందా, పేలదా?

ఆయుధాల చట్టం 1959లోని 45(సి) సెక్షను పాత ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది, నిజమే. కానీ పాతదైతే చాలదు. ఉన్నది ఉన్నట్టుగా గానీ, రిపేరు చేసి గానీ కాల్చడానికి వీల్లేనిదై ఉండాలి. మీరేమో తుపాకి మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, సీసపు రవ్వలు వేసి, కడ్డీతో దట్టించి, మందును అంటించే టోపీ (క్యాప్) పెట్టి పేల్చారు. అది వీడియోలో ఉంది. మీ మినహాయింపును మీరే పోగొట్టుకున్నారు. మీ బావగారు చెప్పేది అమెరికా మాట: 1898లో, అంతకు ముందు తయారైన తుపాకులను అక్కడి 1968 చట్టం మామూలు తుపాకులుగా చూడదు. అక్కడైనా పిట్టను కొట్టాలంటే వేట లైసెన్సు కావాలి. ఆ మాట ఇక్కడి కోర్టులో పనికిరాదు.

తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. మన ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం తుపాకిని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. ఇన్నేళ్లు అటక మీద ఉంచడం క్షమించరాని నిర్లక్ష్యం. ఇంట్లో పిల్లలుంటే ఏమై ఉండేదో ఆలోచించండి. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, దానికి తోడు జరిమానా.

ఇక పిట్టల సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, కౌజుల్లాంటి రెండో షెడ్యూలు పక్షుల వేటకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గరిష్ఠ శిక్ష మూడేళ్లే కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514 కింద లిమిటేషన్, అంటే కోర్టు కేసు స్వీకరించే గడువు, మూడేళ్లు. 2027 సంక్రాంతి దాటితే గట్టెక్కుతామని లెక్క వేసుకోకండి. నేరం అధికారులకు తెలిసిన రోజు నుంచే గడువు మొదలైందని వాళ్లు వాదించగలరు. తుపాకి కేసుకైతే శిక్ష ఐదేళ్ల దాకా ఉంది కనుక ఆ గడువే వర్తించదు. పైగా అది మీ దగ్గర ఉన్న ప్రతి రోజూ నేరం సాగుతూనే ఉంటుంది. పిట్టలను ఎక్కడ కొట్టారో మీరు రాయలేదు, అది చాలా ముఖ్యం. మీ చేనులోనా, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు హద్దు లోపలా? లోపలైతే శిక్ష ఏడేళ్ల దాకా పోతుంది, లిమిటేషన్ ఊసే ఉండదు.

వెల్డింగు షాపు వైపు మాత్రం వెళ్లొద్దు. తుపాకి పేలిన సంగతి వీడియో చెబుతుంది, గొట్టం మీద కొత్త అతుకు ఎప్పుడు పడిందో ఫోరెన్సిక్ వాళ్లు అడుగుతారు. సాక్ష్యం మాయం చేశారని బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 238 కూడా తగిలిస్తారు. బావిలో పడేసినా, ఎవరికైనా ఇచ్చేసినా అంతే. ఫోన్లోని వీడియో చెరిపేయకండి, మీ అన్నకు డబ్బు ఇవ్వకండి.

ఈ వారంలోనే క్రిమినల్ లాయరును కలవండి. తాతగారి మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, వారసత్వ ధ్రువపత్రం తీసుకెళ్లండి. లాయరు ద్వారా స్టేషన్ ఇన్‌చార్జికి ముందుగా రాతపూర్వకంగా తెలిపి, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే తుపాకి అప్పగించి రసీదు తీసుకోండి. మిగిలిన తుపాకి మందు, టోపీలు ఉంటే అదీ చెప్పాలి, బస్సులో మోసుకుపోకూడదు. లేఖలో అబద్ధం రాయొద్దు. వేట గురించి మీకు మీరుగా వాంగ్మూలమూ ఇవ్వొద్దు, రాజ్యాంగంలోని 20(3) అధికరణ మీకు ఆ రక్షణ ఇచ్చింది. ఫారెస్టు ఆఫీసు నుంచి పిలుపు వస్తే లాయరుతో మాట్లాడకుండా ఒక్క కాగితం మీదా సంతకం పెట్టకండి. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, ఫారెస్టు వాళ్ల ముందు ఒప్పుకున్నది మాత్రం అలా కొట్టుకుపోదు. అరెస్టు భయం ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద ముందస్తు బెయిలు అడగవచ్చు.

అప్పగిస్తే కేసు రాదని నేను మాట ఇవ్వలేను. అయితే లైసెన్సు లేని తుపాకి కేసు నడపాలంటే ఆయుధాల చట్టం 39వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. తనంతట తాను తెచ్చి ఇచ్చినవాడికీ, సోదాలో దొరికినవాడికీ అక్కడ చాలా తేడా ఉంటుంది. కేసు లేకుండా బయటపడితే 2016 ఆయుధాల నిబంధనల్లోని 25వ నిబంధన కింద వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోండి. జ్ఞాపకాన్ని ఇంట్లో ఉంచుకునే దారి అదొక్కటే. లైసెన్సు ఇవ్వకపోతే, లైసెన్సున్న మరొకరికి అమ్ముకునే హక్కు గడువులోగా వాడుకోండి, గడువు దాటితే తుపాకి ప్రభుత్వపరమవుతుంది.