పుర్రెకో బుద్ధి, చెవికో రుచి: మరి పరిశోధన ఎందుకు?

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నట్టు ఎవరి చెవి వారిది. ఏ స్పీకర్ బాగుంటుందో చెప్పడానికి సైన్స్ ఎందుకు?" అని ఒకరు అడిగారు. ఒకప్పుడు నేనూ ఇలాగే గట్టిగా వాదించేవాణ్ణి. ఒక సాయంత్రం మా ఇంట్లో చేసిన పరీక్షతో ఆ వాదన మానుకున్నాను.

అప్పుడే కొత్త హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ (హెడ్‌ఫోన్‌కు వెళ్లే శబ్దాన్ని పెంచే పరికరం) కొన్నాను. పాతదానికంటే గొంతులు విడివిడిగా, బేస్ బిగువుగా వినిపించింది. మూడు వారాలు కనపడ్డవాళ్లందరికీ అదే చెప్పాను. ఒక మిత్రుడు మాత్రం "నువ్వు చూడకుండా నేను మారుస్తాను, ఏది ఏదో చెప్పు" అన్నాడు. ముందుగా ఒకే టోన్ పెట్టి, రెండింటి అవుట్‌పుట్‌నూ మల్టీమీటర్‌తో కొలిచాడు. నేను రోజూ వినే స్థాయిలో కొత్తది దాదాపు ఒకటిన్నర డెసిబెల్ (శబ్దస్థాయి కొలమానం) ఎక్కువ ఇస్తోంది. అంత చిన్న తేడా చాలాసార్లు చెవికి "శబ్దం పెరిగింది" అని తెలియదు, "నాణ్యత పెరిగింది" అనిపిస్తుంది. రెండింటినీ సమం చేశాక 16 సార్లు మార్చి మార్చి వినిపిస్తే 9 సార్లే సరిగ్గా చెప్పగలిగాను. గుడ్డిగా ఊహించినా సగటున 8 వస్తాయి. తేడా నిజంగా వినిపిస్తోందని నమ్మాలంటే కనీసం 12 రావాలి.

మనసుకు కష్టంగానే అనిపించింది. అయితే ఆ మూడు వారాలూ నేను విన్నది అబద్ధం కాదు. ఆ స్పష్టత నాకు నిజంగానే వినిపించింది. దానికి నేననుకున్న కారణం తప్పు, అంతే. పరిశోధన విలువ నాకు తెలిసొచ్చింది ఇక్కడే. అది మన ఇష్టాన్ని కాదనదు, ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూపిస్తుంది.

ఈ పనిని శ్రద్ధగా చేసినవారిలో ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ ముఖ్యులు. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో, 1980లలో, స్పీకర్లను తెర వెనుక పెట్టి, శబ్దస్థాయి సమం చేసి, శ్రోతల చేత మార్కులు వేయించారు. అభిరుచులు చెల్లాచెదురుగా ఉంటాయని మనమనుకుంటాం. అలా జరగలేదు. ఎదురుగా వచ్చే ధ్వని ఎగుడుదిగుడులు లేకుండా ఉండి, పక్కలకు వెళ్లేది కూడా దాన్నే పోలి ఉన్న స్పీకర్లకే ఎక్కువమంది మొగ్గు చూపారు. వినికిడి తగ్గినవారి తీర్పులు మాత్రం ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండలేదు.

తర్వాత ఆడియో పరికరాలు తయారుచేసే హర్మన్ సంస్థలో టూల్, మరో పరిశోధకుడు షాన్ ఆలివ్ కలిసి చేసి, 1994లో వెలువరించిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. అవే స్పీకర్లను ఒకసారి తెర వెనుక, ఒకసారి కళ్లెదుట 40 మందికి వినిపించారు. కళ్లెదుట ఉన్నప్పుడు మార్కులు మారాయి. అంతకంటే విచిత్రం, స్పీకర్ చోటు మారిస్తే ధ్వనిలో వచ్చే అసలైన మార్పుకు కూడా స్పందన తగ్గిపోయింది. కన్ను చెవిని అంతగా పక్కకు నెట్టేస్తుందన్నమాట! ఆలివ్ 2003లో 250 మందికి పైగా శ్రోతలతో చేసిన పనిలో మరో సంగతి తేలింది: శిక్షణ ఉన్నవారు మార్కులు కఠినంగా, నిలకడగా వేశారు, కానీ ఏది మేలు ఏది కాదు అన్న వరుస శిక్షణ లేనివారితో దాదాపు కలిసింది.

అలాగని వ్యక్తిగత అభిరుచి లేదని కాదు. హెడ్‌ఫోన్ల మీద ఆలివ్ బృందం చేసిన పరీక్షల్లో అది బేస్ దగ్గర బాగా బయటపడింది. ఎక్కువమందికి ఒకే తీరు నచ్చినా, కొందరు ఇంకాస్త బేస్ కావాలన్నారు, మరికొందరు తగ్గించమన్నారు. పైగా రికార్డింగులన్నీ ఒకే స్పీకర్ల మీద విని తయారుచేసినవి కావు, ఒకదానిలో బేస్ తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ. కాబట్టి బేస్ వంటివి పెంచి తగ్గించే టోన్ కంట్రోల్ ముట్టుకోవడం తప్పని చెప్పేవారి మాట నేను ఒప్పుకోను. నేను రోజూ వాడతాను.

మీరు రెండు స్పీకర్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతుంటే, శబ్దస్థాయి కొలిచి సమం చేయండి. వీలైనంతవరకు రెండింటినీ ఒకే చోట పెట్టి వినండి, ముందు పల్చటి గుడ్డ కట్టండి. మార్చే పని ఇంకొకరికి అప్పగించి, ఫలితం రాసుకున్నాకే గుడ్డ తీయండి.