కుక్కల దాడిలో చనిపోతే పోస్టుమార్టం ఎందుకు? కుక్కలే చంపాయని ఎలా తేలుస్తారు?

ఊరవతల కుక్కలు కొరికిన శవం దొరికితే పోలీసులు పోస్టుమార్టం దగ్గర ఎందుకు పట్టుబడతారు, కుక్కలే చంపాయని డాక్టర్లు ఎలా చెబుతారు అని అడిగారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఓ ప్రభుత్వాసుపత్రిలో కొన్నేళ్లు పనిచేశాను. శవపరీక్షలూ మా డ్యూటీలో భాగమే కాబట్టి చెబుతున్నాను.

మొదటిదానికి జవాబు చట్టంలోనే ఉంది. పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 194వ సెక్షన్ (2024 జూలైకి ముందు పాత చట్టం సీఆర్‌పీసీలో 174) ఆత్మహత్య, హత్య, ప్రమాదాలతో పాటు జంతువు వల్ల పోయిన ప్రాణాన్ని కూడా విడిగా పేర్కొంది. పంచనామా తప్పదు. మరణకారణం మీద అనుమానం ఉంటే శవం మా దగ్గరికి రావాల్సిందే.

ఇక రెండోది. కుక్క కొరికిందని చెప్పడం పెద్ద కష్టం కాదు. బతికుండగా కొరికిందా, ప్రాణం పోయాక కొరికిందా అన్నదే అసలు చిక్కు.

జీడితోట కాపలాకి వెళ్లిన ఒక పెద్దాయన శవాన్ని పొద్దున్నే తెచ్చారు. ఒక చెవి, చెంప లేవు. కుడి ముంజేయి ఎముక దాకా కొరికేసి ఉంది. "కుక్కలు పీక్కుతిన్నాయని కనిపిస్తంది కద బాబూ, మళ్లీ కొయ్యడమేటి?" అని కొడుకు ఏడుస్తున్నాడు. పక్కనున్నాయన ఎలుగుబంటి పనే అంటాడు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒకరిని చంపి ఇంకొందరిని గాయపరిచాక అటువైపు ముందు ఆ మాటే వస్తుంది. పైగా ఎలుగు అని తేలితే అటవీశాఖ పరిహారం వస్తుంది. గట్టు తగాదా ఉందని వెనక మరో గుసగుస.

గాయాల అంచులు పసుపుపచ్చగా ఎండి, అప్పడంలా గట్టిపడి ఉన్నాయి. కింద కండలో ఎక్కడా రక్తం ఇంకిన జాడ లేదు. అంత గాయమైతే చొక్కా తడిసిపోవాలి, ఒకటి రెండు మరకలు తప్ప ఏమీ లేవు. బతికున్న మనిషి కండలో పన్ను దిగితే రక్తం పొరల్లోకి ఇంకుతుంది, ఎంత కడిగినా పోదు. అడ్డుపెట్టుకున్న గాయాలు రెండో చేతి మీద కూడా లేవు. గొంతు మీద నొక్కిన గుర్తు గానీ, తల మీద దెబ్బ గానీ లేదు. గుండె కోసి చూస్తే రక్తనాళంలో గడ్డ. పెద్దాయన గుండెపోటుతో పడిపోయాడు, కుక్కలు తర్వాత వచ్చాయి. గట్టు తగాదా మాట అక్కడితో ఆగింది.

నిజంగా దాడి జరిగితే శవం వేరేగా ఉంటుంది. కోరపన్ను దిగిన గుంట, దాని పక్కనే తల విదిలించి లాగిన చీలిక, ఈ రెండూ జంటగా కనిపిస్తాయి. పెద్దవాళ్లకి కాళ్లు, చేతుల మీద ఎక్కువ, చిన్నపిల్లలకి తల, మెడ మీద. మెడలో పెద్ద రక్తనాళమో, గాలిగొట్టమో తెగినా, ఒంట్లో రక్తం పోయినా ప్రాణం పోతుంది. కుక్క దవడ ముందు వరసలో ఆరు పళ్లు, మనిషికి నాలుగే. కుక్క పంటి వంపు ఇరుకు కూడా. ఎలుగు అయితే పొడుగాటి గోళ్లతో ముఖాన్ని, నెత్తిని పక్కపక్కనే చారలుగా చీరేస్తుంది, ఎముకలూ విరుగుతాయి. కుక్క గోళ్లు గీరడం వరకే.

ఏ కుక్క అని తేల్చాలంటే గాయం మీది చొంగ కావాలి. తడి దూదిపుల్లతో, వెంటనే పొడి దూదిపుల్లతో తీసి, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకి పాడైపోతుంది. కానీ మా దగ్గరికి వచ్చేసరికి చాలా శవాలకి పసుపునీళ్ల స్నానం అయిపోయి ఉండేది. ఇంటివాళ్లని ఏమంటాం, వాళ్ల ఆచారం వాళ్లది.

ఇంకొకటి, కోపంలో ఊరంతా కలిసి కనిపించిన కుక్కనల్లా కర్రలతో కొట్టి పూడ్చేస్తారు. పళ్ల అచ్చు, బొచ్చు మీది రక్తం, కడుపులో ఉన్నది, అన్నీ మట్టిలో కలుస్తాయి. రేబిస్ ఉందో లేదో చూడాలంటే మెదడు పరీక్ష చెయ్యాలి, అదీ పోతుంది. ఆ కుక్క ఇంకెవరిని కరిచిందో వాళ్ల గతేమిటి?

తొందరపడి తేల్చేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో చూశారు. 1980లో ఉలూరు దగ్గర డింగో అనే అడవికుక్క పసిపాపను ఎత్తుకుపోయిందని తల్లి మొత్తుకున్నా నమ్మలేదు. కారులో రక్తం ఉందన్న ల్యాబ్ మాట మీద 1982లో ఆమెకి యావజ్జీవం వేశారు. రక్తం అనుకున్నది చాలావరకు శబ్దం రాకుండా కారు అడుగున కొట్టే పూత. 1986లో పాప కోటు దొరికితే విడుదల చేశారు. డింగోనే చంపిందని మరణ విచారణాధికారి ప్రకటించింది 2012లో.

కరిచింది పెంపుడు కుక్క అయితే యజమాని మీద నేరాలకి శిక్షలు చెప్పే చట్టం బీఎన్ఎస్‌లో 291వ సెక్షన్ (జంతువు విషయంలో అజాగ్రత్త), ప్రాణం పోయింది కాబట్టి నిర్లక్ష్యం కింద 106 కూడా పెట్టవచ్చు. అందుకని శవాన్ని కడగొద్దు, బట్టలు పారేయొద్దు. ఫోన్‌తో అయినా గాయాల పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయించండి. కుక్కను వలవేసి పట్టించి పశువైద్యుడికి అప్పగించండి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు అడిగి తీసుకోండి.