ట్యూనర్ 'టక్' మన్నంత మాత్రాన

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నీకు హామ్ రేడియో లైసెన్సు వచ్చిందని, మేడ మీద యాంటెన్నా తీగ కూడా కట్టేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం మీ వీధిలో పోయే కరెంటు తీగల భయం. యాంటెన్నా తెగినా, ఊగినా ఆ తీగలకు అందకూడదు. అంత దూరంలో లేకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు దాన్ని విప్పు.

రేడియోకూ యాంటెన్నాకూ మధ్య జోడీ కుదిర్చే ఆటో ట్యూనర్ కొన్నావట. "ఫ్రీక్వెన్సీ అదే ఎంచుకుంటుంది మామయ్యా" అని మెసేజ్ పెట్టావు. ఎంచుకోదే పిచ్చిపిల్లా! ఫ్రీక్వెన్సీ పెట్టేది నువ్వు. నువ్వు క్యారియర్, అంటే మాటల్లేని ఉత్త సిగ్నల్, ఇవ్వగానే అది ఏ ఫ్రీక్వెన్సీయో ట్యూనర్ లెక్కపెట్టుకుని, ఇంతకుముందు అక్కడ ఏ కాయిల్, ఏ కెపాసిటర్ కుదిరాయో మెమరీలో చూస్తుంది. దొరికితే 'టక్', అంతే. దొరక్కపోతే మొదలవుతుంది టకటక. కొట్లో తూకపు రాళ్లు వేస్తూ తీస్తూ బరువు సరిచూసినట్టు, రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్‌లతో, కాయిళ్లూ కెపాసిటర్లూ కలుపుతూ తీస్తూ పోతుంది. చెరో ఎనిమిది ఉన్నాయనుకో, 65,536 రకాలుగా కలపొచ్చు. కెపాసిటర్ కాయిల్‌కు ముందా వెనకా అన్నది కూడా కలిపితే 1,31,072. అన్నీ చూడదులే. ముందు పెద్ద అంగలు, వెనక్కి వచ్చే పవర్ తగ్గిన చోట చిన్న అంగలు.

ట్యూన్ చేసేటప్పుడు పది వాట్లు చాలు. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల మీద చేయకు.

ఇక నా సంగతి. 2014లో వానలు మొదలయ్యాక, మా కాకినాడ ఇంట్లో ట్యూనర్‌ను బైపాస్‌లో పెట్టి, అంటే దారిలోంచి తప్పించి, చూస్తే, ఎప్పుడూ 2 దగ్గరుండే ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి వచ్చే పవర్ ఎంత తక్కువైతే అంత తగ్గే అంకె) 1.3 చూపించింది. నలభై మీటర్ల బ్యాండ్‌కు (7 మెగాహెర్ట్జ్ చుట్టూ) కట్టిన డైపోల్ యాంటెన్నాతో ఇరవై మీటర్ల బ్యాండ్‌లో ఎప్పుడూ మొరాయించే ట్యూనర్ ఇట్టే కుదిరింది. మీ అత్తయ్యను పిలిచి మరీ చూపించాను. దేనివల్ల బాగుపడిందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వినబడే స్టేషన్లు తగ్గితే, బ్యాండ్ బాగాలేదనుకున్నాను.

అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మీ విశాఖ మీద పడింది. మీ ఫోన్లు కలవలేదు. అప్పుడు నీకు ఎనిమిదేళ్లు. 7 మెగాహెర్ట్జ్ మీద రెండు రోజులు పిలిచాను, మీ ఊళ్లో ఎవరైనా హామ్ దొరికితే మిమ్మల్ని చూసి రమ్మందామని. మీటరు మాత్రం 1.1. ట్యూనర్ టక్ మంటోంది, రేడియో వేడెక్కుతోంది, ఎవరూ పలకడం లేదు.

మూడో రోజు మేడెక్కి కోయాక్స్, అదే రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్, విప్పాను. కనెక్టర్ దగ్గర టేపు ఊడి, లోపలికి నీళ్లు దిగి, జాలీ నల్లగా మారిపోయి ఉంది. పంపిన పవర్‌లో చాలా భాగం ఆ తడి కేబుల్లోనే ఆవిరైపోతోంది. పైకి పోయేది కొంచెం, అందులో వెనక్కి వచ్చేది ఇంకా కొంచెం. మీటరుకు తెలిసేది ఆ వెనక్కి వచ్చిందే కదా! ట్యూనర్ తప్పేం లేదు. రేడియోకు నచ్చేలా కుదర్చడమే దాని పని. యాంటెన్నా దాకా ఎంత చేరిందో దానికి తెలియదు.

మీ నాన్న ఆ సాయంత్రం ఎవరి ఫోన్ నుంచో మాట్లాడాడు. కేబుల్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీ అమ్మకు చెప్పకు.

అందుకని ఈ రోజే ట్యూనర్ బైపాస్‌లో పెట్టి, ఒక్కో బ్యాండ్‌లో ఎంత చూపిస్తోందో నోట్‌బుక్‌లో రాసుకో. నెలకోసారి చూడు. పెరిగితే సరే, వెతుకుతావు. ఊరికే తగ్గితే మాత్రం వెంటనే మేడెక్కు. మీ ఉప్పుగాలికి కనెక్టర్లు ఎంతో కాలం ఆగవు. రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు వెయ్యి. యాంటెన్నా మార్చావా, ట్యూనర్ పాత మెమరీ చెరిపెయ్యి. ఉరుము వినబడితే కేబుల్ పీకి కిటికీ బయట పెట్టు, ఎవరితో మాట్లాడుతున్నా సరే.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి 7,090 కిలోహెర్ట్జ్ దగ్గర వింటుంటాను. బైపాస్ అంకె ముందు చెప్పు, కుశలాలు తర్వాత.

73 (మా హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మామయ్య