పాత నేల తవ్వే ముందు, అప్పు చేసే ముందు

ప్రశ్న: మాది కావలి. మావారి తాతగారు 1950ల్లో కట్టించిన మిద్దె ఇంట్లో అత్తగారితో కలిసి ఉంటున్నాం. మామగారు వీలునామా రాయకుండానే పోయారు. మావారికి ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. ఈమధ్య నడిమింట్లో మంచం జరుపుతుంటే ఒక టైలు పగిలి, కింద ఎరుపు, నలుపు, మీగడ రంగుల పూల డిజైనుతో ఇంకో నేల కనబడింది. వంటింట్లో నల్ల బండలు, వసారాలో పగుళ్ళిచ్చిన ఎర్ర గచ్చు ఉన్నాయి. కాంట్రాక్టరు అంతా తవ్వేసి పెద్ద సైజు విట్రిఫైడ్ టైల్స్ వేస్తానని 6 లక్షలు చెప్పాడు. బ్యాంకువాళ్ళు నా పేరు మీద 12 శాతం వడ్డీకి, ఐదేళ్ళ గడువుతో పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 70 వేలు, ఖర్చు 45 వేలు. ఎఫ్‌డీలో నాలుగున్నర లక్షలున్నాయి. పాప వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌లో చేరుతుంది. ఈ అప్పు చెయ్యొచ్చా? కొత్త నేల వేస్తే ఇంటి విలువ పెరుగుతుందా? పాతదానికి విలువేమైనా ఉందా?

జవాబు: ఈ అప్పు చెయ్యకండి. ముందు ఆ టైల్స్ కింద ఏముందో పూర్తిగా తెలుసుకోండి. అది తెలిశాక మీకు ఆరు లక్షలు అవసరం పడకపోవచ్చు.

లెక్క చూడండి. 6 లక్షలకి 12 శాతం చొప్పున ఐదేళ్ళకి ఈఎంఐ దాదాపు 13,350 రూపాయలు. మొత్తం కట్టేది 8 లక్షలు, అంటే వడ్డీయే 2 లక్షలు. మీకు నెలకు మిగిలేది 25 వేలు. అందులో సగానికి పైగా ఈ నేలకే పోతుంది, అదీ పాప మొదటి ఏడాది ఫీజు, హాస్టలు ఖర్చు మీద పడే సమయంలో. పెళ్ళికో వైద్యానికో అప్పు తప్పదంటే అర్థం చేసుకుంటాను. దీనికి తొందరేమీ లేదు.

ఇంటి విలువ గురించి ఉన్నమాట చెప్తాను. మీ ఊళ్ళో పాత ఇల్లు కొనేవాళ్ళు అంకణాల (మన వైపు స్థలం కొలత) లెక్కన స్థలం ఖరీదు కడతారు. డెబ్భై ఏళ్ళ ఇంటి నేల మీద ఏ టైల్స్ ఉన్నాయో చూసి ధర పెంచరు. కాబట్టి కొత్త టైల్స్‌కి పెట్టిన డబ్బు తిరిగొస్తుందని అనుకోవద్దు. పూల నేలకీ విడిగా ధర కట్టరు. దాని విలువ వేరే రకం: తాతగారు అప్పుడే డబ్బు చెల్లించేసిన నేల అది. సరిగా చూసుకుంటే మీ పాప తరానికీ పనికొస్తుంది. అలాంటిదాన్ని తవ్వించడానికి మళ్ళీ డబ్బు పెట్టడం నా మనసుకి ఎక్కదు.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. మామగారు వీలునామా రాయలేదు కాబట్టి ఈ ఇంట్లో అత్తగారికి, మీవారికి, మరిదిగారికి, ఆడబిడ్డకి నలుగురికీ వాటా ఉంది. మీకు నేరుగా వాటా లేదు. ఇంటి మరమ్మతు లోన్ అడిగితే బ్యాంకు సాధారణంగా హక్కుదారులందరి సంతకాలూ అడుగుతుంది. పర్సనల్ లోన్‌కి ఆ పేచీ లేదు, అందుకే అది తేలిగ్గా దొరుకుతోంది. రేపు పంపకాల మాట వస్తే మీ పేరు మీద ఉన్న అప్పు మీకే మిగులుతుంది, నేల నలుగురిదవుతుంది. పన్ను మినహాయింపు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి ఏడాదికి 30 వేల వరకే మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలోనే, ఇంటి హక్కుదారు వడ్డీ కట్టినప్పుడే. మీరు హక్కుదారు కారు.

అందుకని ఎంత చిన్న పని మొదలుపెట్టినా ముందు మరిదిగారికి, ఆడబిడ్డకి చెప్పండి. ఎంత ఖర్చవుతుంది, ఎవరు పెడుతున్నారు, పంపకాలప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకుంటారా లేదా అనేది ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు చెయ్యండి. ఇల్లు మీవారికే వదిలేస్తామని వాళ్ళంటే దానికి మామూలు కాగితం చాలదు, రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ పూల నేల మీద ఆడుకుని పెరిగిన ఆడబిడ్డకి దాని గురించి గట్టి అభిప్రాయం ఉండొచ్చు. అడగండి.

ఇక నేల సంగతి. పాత ఇళ్ళలో గదికో రకం నేల ఉండేది. పదిమంది కూర్చునే నడిమింట్లో పూల టైల్స్, బరువు పడే, నీళ్ళు ఒలికే వంటింట్లో బండలు, వసారాలో గచ్చు. మీ ఇంట్లోనూ అదే వరస కనిపిస్తోంది. మిగతా గదుల్లో కూడా పైటైల్స్ కింద పాత నేల ఉందేమో తెలుసుకోవడానికి తవ్వక్కర్లేదు, గడపలు చూడండి. పాత గడప నేల మీంచి ఎత్తుగా ఉండాలి. ఒక గదిలో అది నేలలో కూరుకుపోయినట్టుంటే, తలుపు అడుగున కోసినట్టుంటే, ఆ గదిలో నేల మీద నేల వేశారన్నమాట. తలుపు వెనక మూల, గోడ బీరువా అడుగు, సామాన్ల గది కూడా చూడండి. అక్కడ చాలాసార్లు పైటైల్స్ వెయ్యకుండా వదిలేస్తారు.

పగిలిన చోట పూల టైలు అంచు కనిపిస్తే టార్చి వేసి చూడండి. నాలుగైదు మిల్లీమీటర్ల మందాన రంగు పొర, దాని కింద బూడిద రంగు సిమెంటు ఉంటే అది సిమెంటు పూల టైలు. వీటిని బట్టీలో కాల్చరు. అచ్చులో రంగులు పోసి, ప్రెస్సు కింద నొక్కి, నీళ్ళలో నానబెట్టి గట్టిపరుస్తారు. రంగు ఆ పొర మందమంతా ఉంటుంది కాబట్టి పైన కొంచెం అరిగినా డిజైను పోదు. అలా కాకుండా పైన సన్నటి గాజు పూత, లోపల మట్టి కనిపిస్తే అది కాల్చిన సిరామిక్ టైలు, దాన్ని పాలిష్ పట్టడం కుదరదు.

వంటింటి నల్ల బండలు కడప బండలే అయ్యుండాలి. అది సున్నపురాయి జాతి. ఎవరికీ కనబడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి చూసి వెంటనే కడిగెయ్యండి. చిన్నగా నురగ వచ్చి ఆ చోట మెరుపు తగ్గితే సున్నపురాయే. ఆ బండ మీద చింతపండు పులుసు ఒలికిన చోట తెల్లటి మచ్చ నిలిచిపోయేది ఇందుకే. గ్రానైట్‌కి ఇలా జరగదు. ఒంగోలు పక్కనే చీమకుర్తి ఉంది కదా, గ్రానైట్ వేసేద్దాం అని చాలామంది అంటారు. మంచి రాయే, వంటగట్టుకి దాన్ని మించింది లేదు. కానీ గట్టిగా ఉన్న కడప బండలు పీకి దాన్ని పరవాల్సిన పని లేదు. బాత్రూం యాసిడ్ మాత్రం ఈ ఇంట్లో ఏ నేల మీదా పొయ్యనివ్వద్దు. సిమెంటు టైలునీ, గచ్చునీ, కడప బండనీ మూడింటినీ అది తినేస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పాత నేల మీద కొత్త టైల్స్ వేసేటప్పుడు పట్టు కోసం మేస్త్రీలు కింది నేలని సుత్తితో చెక్కి గాట్లు పెడుతుంటారు. మీ పూల నేల బతికుందా లేదా అన్నది దాని మీదే ఉంది. పగిలిన టైలు చుట్టూ నాణెంతో తట్టించండి. డొల్ల శబ్దం వచ్చిన వైపు నుంచి మూడడుగుల చదరం మాత్రం తీయించండి. చేతి ఉలీ, సుత్తీ వాడాలి, డ్రిల్లింగ్ మెషీన్ వద్దు. ఈ పనికి రోజు కూలి ఇవ్వండి, చదరపు అడుగు లెక్కన ఇస్తే తొందరపడతారు. కింద గాట్లు లేకుండా, సిమెంటు పొర పెళ్ళలుగా ఊడొస్తే మీ అదృష్టం, గదంతా నెమ్మదిగా తీయించొచ్చు. ఒకటి రెండు పూల టైల్స్ పాడైతే సామాన్ల గదిలోంచో, బీరువా కిందనుంచో అదే డిజైనువి తీసి అతికించొచ్చు.

తర్వాత నీళ్ళు పోస్తూ తేలికపాటి పాలిష్ చాలు. రంగు పొర మందం కొద్దిగానే కాబట్టి రాయిని పట్టినట్టు గట్టిగా పట్టించకూడదు. మీద ఎపాక్సీ పూత (ప్లాస్టిక్‌లా బిగిసేది) వేస్తామంటే ఒప్పుకోకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో పాత ఇళ్ళ నేలలోంచి చెమ్మ, ఉప్పు పైకి వస్తుంటాయి. వాటికి దారి మూసేస్తే పూత పొక్కి ఊడిపోతుంది, చెమ్మ గోడలు ఎక్కుతుంది. లోపలికి ఇంకే రకం సీలరో, మైనమో రాయించండి.

ఎర్ర గచ్చులో వెంట్రుకంత పగుళ్ళుంటే అవి వయసు గుర్తులు, వదిలెయ్యండి. పగులుకి ఒకవైపు కుంగి ఉంటే మాత్రం నేల దిగుతోందని అర్థం, ఇంజనీరుకి చూపించాలి. గచ్చుకి కొబ్బరినూనె రాసే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇప్పుడు మానెయ్యండి. అత్తగారు జారి పడితే అయ్యే ఖర్చు ముందు ఈ నేలల ఖర్చు ఎంత? నిజానికి మొదటి రూపాయి పెట్టాల్సింది బాత్రూంలో. గరుకు టైల్స్, గోడకి పట్టుకునే కడ్డీ. రెండోది పాత వైరింగ్, మిద్దె కారుతుంటే ఆ కప్పు. నేల ఆ తర్వాతే.

వీటన్నిటికీ హద్దు ఎంతంటే, ఆరు నెలల ఖర్చు కింద 2 లక్షల 70 వేలు ఎఫ్‌డీలో కదపకుండా ఉంచండి. మిగిలే 1 లక్షా 80 వేలే ఇంటికి. అది దాటే పని ఏదైనా వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యండి. నెలనెలా మిగిలే 25 వేలు పాప ఫీజు కోసం ఇప్పటినుంచే పక్కన పెట్టండి.

కాంట్రాక్టరు దగ్గర పైటైల్స్ తీసే పనికి, పాలిష్‌కి, మట్టి ఎత్తిపోసే పనికి విడివిడిగా ధర రాయించుకోండి. తీసిన పాత బండలు, టైల్స్ మీవేనని అందులోనే రాయించండి, లేకపోతే అవి ట్రాక్టరెక్కి వెళ్ళిపోతాయి. మూడడుగుల పరీక్ష ఇప్పుడే చేయించొచ్చు. అసలు పని మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టుకోవద్దు. మన జిల్లాలో వానలు ఎక్కువగా అప్పుడే, నేల ఆరదు. సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. బిల్లులు పారెయ్యకండి, ఎప్పుడైనా ఇల్లు అమ్మితే అడుగుతారు. మామూలు మరమ్మతు ఖర్చు మూలధన లాభం (అమ్మకంలో వచ్చే లాభం) లెక్కలో ఇంటి ఖర్చుగా కలవదు గానీ, శాశ్వతంగా చేయించిన మెరుగుదలలు కలుస్తాయి.

ఒకవేళ ఆ మూడడుగుల చదరంలో గాట్లే కనిపిస్తే నడిమింటి పూల నేల మీద ఆశ వదులుకోండి. అప్పుడూ ఆరు లక్షల పని అక్కర్లేదు. తీసిన చోట పైటైల్స్ లాంటివే తెచ్చి మూయించండి, పాప రెండో ఏడాదికి వచ్చాక ఆ ఒక్క గదికీ కొత్త నేల గురించి ఆలోచించండి. వంటింటి బండలకీ, వసారా గచ్చుకీ దీంతో సంబంధం లేదు. వాటిని శుభ్రం చేయించి పాలిష్ పట్టించే పని ఎలాగూ చేసుకోవచ్చు.