పది మంది పది మాటలంటే ఏ ఫేడర్ కదపాలి?

ఇంట్లోనే గొంతు, గిటార్ రికార్డు చేసుకుని, విన్నవాళ్ళ మాటను బట్టి మిక్స్ (ఆ ట్రాక్‌లను తూకంగా కలిపిన పాట) దిద్దుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: గిటార్ వాయిస్తూ నేనే పాడిన నాలుగు నిమిషాల పాటను పన్నెండు మందికి వాట్సాప్‌లో పంపాను. ఐదుగురు ‘సూపర్’ అన్నారు. ఒకరు గొంతు వినపడట్లేదన్నారు, మరొకరు గొంతే ఎక్కువైందన్నారు. ఒకరు రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) పెంచమన్నారు, ఇంకొకరు నూతిలోంచి పాడినట్టుందన్నారు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. ఎవరి మాట వినాలి? — ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ‘సూపర్’ అన్నవాళ్ళకు థాంక్స్ చెప్పి పక్కన పెట్టండి. ఆ అభిమానం మీ మీద. మిక్స్‌కి అక్కరకు రాదు. మిగతా మాటలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తున్నాయి గానీ, ఎవరు దేంట్లో విన్నారో అడిగితే సగం చిక్కు విడిపోతుంది. ఫోన్ స్పీకర్ రెండు మూడు వందల హెర్ట్జ్‌కి కిందున్న శబ్దాన్ని సరిగా పలకదు. దాంతో గిటార్ నిండుదనం పోయి గొంతు ఒక్కటే ముందుకొస్తుంది. అదే పాట కారులో పెడితే గిటార్ మంద్రం మోగి గొంతును మింగేస్తుంది. కాబట్టి ‘ఎక్కువైంది’ అన్నాయనా, ‘వినపడట్లేదు’ అన్నాయనా ఇద్దరూ ఉన్నమాటే చెప్పి ఉండొచ్చు. గొంతు ఫేడర్ (ఆ ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) జరిపితే ఇద్దరిలో ఒకరే ఊరుకుంటారు. గిటార్‌లో 200 హెర్ట్జ్ కింద రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, మొత్తం గిటార్‌ని ఒక డెసిబెల్ పెంచి చూడండి. ఫోన్‌లోనూ కారులోనూ గొంతుకీ గిటార్‌కీ మధ్య తూకం దగ్గరపడుతుంది.

ఇబ్బంది ఎక్కడుందో విన్నవాళ్ళు దాదాపు సరిగ్గానే చెబుతారు. దానికి వాళ్ళు చెప్పే మందే తప్పుతుంది. ‘గొంతు పెంచు’ అన్నారంటే చాలాసార్లు అర్థం, మాట తెలియలేదని. తెలుగు అజంత భాష. పంక్తి చివర అచ్చు సాగుతుంది, అప్పటికి ఊపిరి అయిపోతుంది, ఆఖరి రెండక్షరాలు గిటార్ కింద పడిపోతాయి. ఒత్తులూ అంతే. ట్రాక్ మొత్తం పెంచితే అప్పటికే గట్టిగా ఉన్న దీర్ఘాలు ఇంకా గట్టిపడతాయి. వాల్యూమ్ ఆటోమేషన్‌లో (చోటును బట్టి శబ్దం మార్చే గీతలో) పంక్తుల చివరలు మాత్రమే 2 నుంచి 3 డెసిబెల్స్ లేపండి. ఆ తర్వాతే కంప్రెసర్ (గట్టి చోట్లను అణిచేది): నిష్పత్తి 3:1, అటాక్ (అణచడానికి పట్టే సమయం) 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టేది) 100 దగ్గర, గట్టి చోట 3, 4 డెసిబెల్స్ తగ్గితే చాలు.

రివర్బ్ గొడవా ఇలాంటిదే. మీ రివర్బ్‌ని పూర్తిగా మ్యూట్ చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. అప్పుడూ నుయ్యి వినిపిస్తే అది గది పలుకు. టైల్స్ నేల, ఖాళీ గోడల మధ్య మైక్‌లోకే ఎక్కేసింది, మిక్స్‌లో పోదు. మళ్ళీ పాడేటప్పుడు బొంతో మందపాటి దుప్పటో మీ వీపు వెనక వేలాడదీయండి. చాలామంది మైక్ వెనక కడతారు. కార్డియాయిడ్ మైక్ తన వెనక వైపుది తక్కువగా వింటుంది, మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చేదాన్ని పూర్తిగా వింటుంది. ఇక ‘రివర్బ్ పెంచు’ అన్నాయన బాధ బహుశా గొంతూ గిటారూ వేర్వేరు చోట్ల ఉన్నట్టుందని. ఒకటే రివర్బ్ పెట్టి రెండిటినీ అందులోకి పంపండి, గిటార్‌ని కాస్త తక్కువగా. డికే (ప్రతిధ్వని ఆరిపోయే సమయం) 1.3 సెకన్లు, ప్రీ డిలే (అది మొదలయ్యే ముందు విరామం) 30 మిల్లీసెకన్లు. రివర్బ్ ట్రాక్ మీద 250 హెర్ట్జ్ కిందా, 6 కిలోహెర్ట్జ్ పైనా కోసేయండి.

ఈసారి ‘ఎలా ఉంది?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు మర్యాద తప్ప మరోటి రాదు. మూడు అడగండి: దేంట్లో విన్నారు, ఏ నిమిషం ఏ సెకను దగ్గర చెవికి ఇబ్బందిగా ఉంది, రెండో చరణంలో వినిపించిన మాటలు వినిపించినట్టే రాసి పంపగలరా. సాహిత్యం ముందే ఇవ్వొద్దు. పాట తెలిసిన చెవి వినపడని మాటను కూడా పూరించుకుంటుంది. అందుకే ఈ పరీక్షకు అందరికన్నా పనికిరానివాళ్ళు మీరే. ఐదుగురిలో ముగ్గురు ఒకే మాట దగ్గర తడబడితే అక్కడ పని ఉంది. ఒక్కరే తడబడితే ప్రస్తుతానికి వదిలేయండి.

ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి, వాయిస్ మెసేజ్‌గా వద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ ఫైల్ నాలుగు నిమిషాలకు 69 ఎంబీ దాకా ఉంటుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే పది ఎంబీలోపే. ఈ పనికి అది చాలు.

ప్రశ్న: మా గది పది అడుగులకు పది. గోడకు ఆనించిన బల్ల ముందు కూర్చుని చిన్న స్పీకర్లలో మిక్స్ చేస్తాను. ఇక్కడ గిటార్ పలచగా ఉందనిపించి బేస్ పెంచుతాను. బయట విన్నవాళ్ళంతా ‘గుంయ్’మంటోందంటున్నారు. అదీ ‘ఏ’ మేజర్, ‘ఏ’ మైనర్ కార్డ్స్ దగ్గరే ఎక్కువట. గిటార్‌లో లోపమా? — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కార్డ్స్ పేర్లతో సహా చెప్పిన శ్రోతలు దొరకడం అదృష్టం. గిటార్ మీద అనుమానం పెట్టుకోకండి, ముందు టేపు తీసుకుని మీ తల గోడకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలవండి. రెండున్నర అడుగుల దగ్గర తేలుతుందని మా అంచనా.

లెక్క ఇది. శబ్దం సెకనుకు దాదాపు 1130 అడుగులు పోతుంది. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య మొదటి అనునాదం 56 హెర్ట్జ్ దగ్గర, రెండోది దానికి రెట్టింపు, అంటే 113 దగ్గర వస్తుంది. గది చతురస్రం కాబట్టి రెండు జతల గోడలూ అదే చోట మోగుతాయి. కప్పు కూడా పది అడుగులైతే మూడోదీ తోడవుతుంది. గిటార్ ఐదో తీగ ‘ఏ’ స్వరం, 110 హెర్ట్జ్; ఆ రెండు కార్డ్స్‌లోనూ అడుగున మోగేది అదే. ఇక ఆ 113 హెర్ట్జ్ అల గోడల దగ్గరా గది నడిమధ్యా పెద్దగా వినిపిస్తుంది, గోడ నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే రెండున్నర అడుగుల దగ్గర, దాదాపు మాయమవుతుంది. మీరు ఆ మాయమయ్యే చోటే కూర్చుంటే మీకు గిటార్ పలచనే; మీరు పెంచిందంతా బయటివాళ్ళ మీద పడుతుంది. గది నడుమ కూర్చుని రికార్డు చేసి ఉంటే మైక్‌లోకి ఆ స్వరం ముందే ఎక్కువగా ఎక్కి ఉంటుంది కూడా. రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టిన పాటలో ఈ ఫిర్యాదు తగ్గితే అనుమానం ఇంకా బలపడుతుంది: అప్పుడు ఐదో తీగ 123కి వెళ్తుంది.

బల్లను ముందుకు లాగి తల గోడకు 3.8 అడుగుల దగ్గర ఉండేలా చూడండి. టోన్ జనరేటర్‌తో 60 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పలికించి, ఎక్కడ మోగుతోందో, ఎక్కడ పడిపోతోందో కాగితం మీద రాసుకోండి. ఆ చోట్ల తీర్పు స్పీకర్లకు వదలకుండా హెడ్‌ఫోన్స్‌లో చెప్పుకోండి.

ఉన్న ట్రాక్‌కి: మీరు పెంచిన బేస్ మొత్తం తీసేయండి. 75 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దానికి కిందున్నది కోసే ఫిల్టర్) పెట్టండి. గిటార్ ఆరో తీగ 82 కాబట్టి ఏమీ పోదు. 112 దగ్గర సన్నగా, క్యూ (కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 3 పెట్టి, 4 డెసిబెల్స్ తగ్గించండి. అన్ని కార్డ్స్‌కీ తగ్గితే పాట బోసిపోతుందనుకుంటే, ఆ స్వరం పొంగినప్పుడే తగ్గించే డైనమిక్ ఈక్యూ వాడండి. టీడీఆర్ నోవా ఉచితంగానే దొరుకుతుంది. భయపడి 200 కింద అంతా కోయకండి, తీగల మీద పిక్ గీరిన చప్పుడే మిగులుతుంది. మళ్ళీ రికార్డు చేసేటప్పుడు మైక్‌ని సౌండ్‌హోల్‌కి కాకుండా పన్నెండో ఫ్రెట్ వైపు, ఎనిమిది నుంచి పది అంగుళాల దూరంలో పెట్టండి. గిటార్ డొల్లలో గాలి మోగేది కూడా 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే. సౌండ్‌హోల్ ముందు మైక్ పెడితే మొదట వినపడేది అదే.

ప్రశ్న: మాటలు స్పష్టంగా లేవంటే గొంతులో 5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ పెంచాను. ఇప్పుడు ‘స’, ‘శ’, ‘చ’ చెవుల్లో గుచ్చుతున్నాయంటున్నారు. డీఎస్సర్ (‘స’ లాంటి ఈలల్ని తగ్గించేది) పెడితే నత్తిలా ఉందంటున్నారు. — ఒక గాయని, హైదరాబాద్

జవాబు: ఒక మందు చేసిన గాయానికి ఇంకో మందు. మొదటి 4 డెసిబెల్స్ వెనక్కి తీసుకోండి. మాటల్ని కప్పుతోంది గిటార్ కావచ్చు: గిటార్‌లో 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పుగా 2 డెసిబెల్స్, గొంతులో 300 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గించి వినండి. పెంచకుండానే మాట బయటకొస్తుంది. అప్పటికీ చాలకపోతే 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర డెసిబెల్ పెంచుకోవచ్చు.

గుచ్చే ‘స’ల్ని చేత్తోనే దిద్దడం మేలు. తరంగ చిత్రంలో అవి దట్టంగా, ఈకలా కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ కోసి 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. విసుగు పనే, గంట పట్టొచ్చు, కానీ నత్తి రాదు. మిగిలినదానికి డీఎస్సర్ 3 డెసిబెల్స్ దాటకుండా చాలు. అది కంప్రెసర్ తర్వాత ఉండాలి. కంప్రెసర్ గట్టిగా ఉన్న అచ్చుల్ని అణచి మొత్తాన్ని లేపుతుంది, దాంతో ‘స’ ఇంకా పైకి లేస్తుంది. రివర్బ్‌లోకి వెళ్ళే గొంతుకు విడిగా ఇంకో డీఎస్సర్ పెట్టండి, దాన్ని ఎంత గట్టిగా వాడినా నత్తి తెలియదు. పాడేటప్పుడు మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పితే ఈ పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: పాడుతూ వాయిస్తూ రెండు మైక్‌లతో ఒకేసారి రికార్డు చేశాను. విడిగా వింటే రెండూ బాగున్నాయి. కలిపితే గొంతు సన్నగా, డొల్లగా ఉందంటున్నారు. — ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: విన్నవాళ్ళు పట్టుకున్నది ఫేజ్ తేడా. మీ గొంతు గిటార్ మైక్‌లోకి కూడా వెళ్తోంది, కాస్త ఆలస్యంగా. అడుగు దూరానికి 0.9 మిల్లీసెకను. ఆ ఆలస్యంతో రెండూ కలిసినప్పుడు 565 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సరిగ్గా గొంతుకు కండ ఉండే చోటు అది. ముందు గిటార్ ట్రాక్ పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) వినండి, నిండుగా ఉన్న వైపు ఉంచేయండి. ఇంకా డొల్లగా ఉంటే గొంతు ట్రాక్‌ని ఒక మిల్లీసెకను లోపు అటూ ఇటూ జరిపి చూడండి. పూర్తిగా పోకపోవచ్చు. మళ్ళీ రికార్డు చేస్తే గొంతు మైక్ నోటికి ఆరు అంగుళాల్లో, గిటార్ మైక్ నోటికి అడుగున్నర పైన ఉండాలి.

ప్రశ్న: యూట్యూబ్‌లో మిగతా పాటల కన్నా నాది చిన్నగా ఉందంటున్నారు. లిమిటర్ (శబ్దం శిఖరాల్ని ఆపి మొత్తాన్ని గట్టి చేసేది) ఎంత బిగించాలి? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: యూట్యూబ్, స్పాటిఫై రెండూ -14 లఫ్స్ (చెవికి వినిపించే గట్టితనానికి కొలత) చుట్టూ సర్దుతాయి. అంతకు మించి బిగిస్తే వాళ్ళే తగ్గిస్తారు, మీకు మిగిలేది నలిగిన పాట. గొంతు, గిటార్ మాత్రమే ఉన్న పాటకు -15 నుంచి -14, ట్రూ పీక్ (శబ్దం తాకే అసలు శిఖరం) -1 చాలు. యూలీన్ ఉచిత మీటర్‌తో కొలుచుకోండి. లిమిటర్ 3 డెసిబెల్స్ కన్నా ఎక్కువ పని చేస్తోందంటే తప్పు మిక్స్‌లో ఉంది. ఎక్కడో ఒక స్ట్రమ్ విపరీతంగా ఎగిసి ఉంటుంది, దాన్ని పట్టుకుని తగ్గించండి.

ప్రశ్న: పదకొండో మిక్స్‌లో ఉన్నాను. మూడోదే బాగుందని మా అన్నయ్య అంటున్నాడు. ఎప్పుడు ఆపాలి? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మూడోదాన్నీ పదకొండోదాన్నీ లఫ్స్ కొలిచి ఒకే స్థాయికి తెచ్చి, ‘ఎ’, ‘బి’ అని పేర్లు పెట్టి, ఇంతవరకూ వినని ఐదుగురికి పంపండి. ఒక డెసిబెల్ తేడా ఉన్నా గట్టిగా ఉన్నదే బాగున్నట్టనిపిస్తుంది కాబట్టి కొలవడం మానొద్దు. ఏది కొత్తదో చెప్పొద్దు. మీ అన్నయ్యను ఈసారి అడగకండి, ఆయన చెవి అరిగిపోయి ఉంటుంది. నలుగురు మూడోదే అంటే ఆ ఎనిమిది మిక్స్‌లూ పోయినట్టే, మూడోదే విడుదల చేయండి. ఇద్దరు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు చీలితే ఏదైనా ఒకటే.

ఒకే ఫిర్యాదు పదకొండు మిక్స్‌లలోనూ వచ్చి ఉంటే మాత్రం అది రికార్డింగ్‌దే. ఫ్యాన్ హోరు, శ్రుతి జారిన తీగ, మైక్‌కి దూరంగా జరిగి పాడిన చరణం లాంటివి ఏ ఫేడర్‌తోనూ పోవు. ఆ చరణం వరకూ మళ్ళీ పాడండి. పాత తీగలతో, అదే ఫ్రెట్ మీద కాపోతో, అదే మైక్ దూరంతో. కొత్త తీగలు వేస్తే మెరుపు మారి అతుకు తెలిసిపోతుంది.