3¼ లోంచి 1¾ తీసేటప్పుడు

నెల్లూరు

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ట్యూషన్‌కొచ్చే పిల్లకాయలు మిశ్రమ భిన్నాల దగ్గర తడబడుతున్నారన్నావు. కూడికకంటే తీసివేతలోనే ఎక్కువమంది బోల్తా పడతారు గనక ముందు అది చెబుతా.

కోవూరు పక్కన ఒక రైతుకి 3¼ ఎకరాలుంది, 1¾ ఎకరాలు కౌలుకిచ్చాడనుకో. ఎంత మిగిలింది? 3లోంచి 1 పోతే 2 అంటారు. ¼లోంచి ¾ పోదు కాబట్టి తిరగేసి, ¾లోంచి ¼ తీసి, 2½ అని రాసేస్తారు. ఒకటి అప్పు తెచ్చుకోవాలని తెలిసినవాళ్లు కూడా మామూలు తీసివేతల అలవాటుకొద్దీ దాన్ని పది చేసి 11/4 అంటారు. ఇక్కడ అప్పు తెచ్చిన ఒకటిని హారాన్ని, అంటే కింది అంకెను బట్టి రాసుకోవాలి. హారం 4 అయితే 4/4, 8 అయితే 8/8. అప్పుడు 3¼ కాస్తా 2 5/4 అవుతుంది. 5/4లోంచి 3/4 పోతే 2/4, 2లోంచి 1 పోతే 1. జవాబు 1½. సరిచూడ్డానికి ఎకరానికి వంద లెక్కన సెంట్లలోకి మార్చమను: 325 − 175 = 150. 2½ రాసినవాడికి 250 సెంట్లు వస్తాయి, తప్పు వాడికే కనబడుతుంది.

అంతా అపక్రమ భిన్నాలు, అంటే పై అంకె పెద్దగా ఉండేవి చేసి 13/4 − 7/4 అన్నా సరే. కానీ 27⅝ లాంటిది వస్తే 221/8 చేసుకోవాలి, ఆ గుణకారంలోనే సగంమంది తప్పుతారు. గుణకార భాగహారాలకు మార్చక తప్పదు గానీ, కూడిక తీసివేతలకు పూర్ణాంకాలను విడిగా ఉంచడమే మేలు.

కూడికకు బస్సు లెక్క ఇవ్వు. నెల్లూరు నుంచి కావలికి 1¼ గంట, అక్కణ్ణుంచి ఒంగోలుకు 1⅓ గంట, కావలిలో ఆగింది ½ గంట అనుకో. హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 12. 3/12 + 4/12 + 6/12 = 13/12, అంటే 1 1/12. పూర్ణాంకాల 2 కలిపితే 3 1/12 గంటలు, 3 గంటల 5 నిమిషాలు. 2 13/12 దగ్గరే ఆగిపోనీకు. పైవి పైన, కిందివి కింద కూడేసి 3/9 అనేవాణ్ణి, ఆగిన అరగంటే అంతకన్నా ఎక్కువ కదరా అని అడుగు.

మాటల్లో ఇంకో చిక్కుంది. "3¼ ఎకరాల్లో ½ ఎకరం అమ్మాడు" అంటే తీసివేత, మిగిలింది 2¾. "½ వంతు అమ్మాడు" అంటే గుణకారం, మిగిలింది 1⅝. రెంటిలోనూ ½ కనబడగానే తీసేస్తారు. భిన్నం పక్కన ఎకరం, గంట, కిలో ఉందా, లేక వంతు ఉందా చూసి గీత గీయమను. "ఎంత ఎక్కువ", "ఇంకా ఎంత కావాలి" అన్నవి చదివి కూడేస్తారు, అవీ తీసివేతలే.

పెదనాన్న